ఆగే జాగ

నిజ్వాల శుక్రవారం మేకల వేలం ఒడిసినంక
ఖల్ఫాన్ తాత వచ్చిండు,
దుప్పట్ల చుట్టిన పొడుగాటి మూట
పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద.

నేను బాగుచేసేటివి కుట్టుమిషన్లు, తాళాలు,
ఖర్జూర తోటల నీళ్ల మోటార్లు.
తుపాకి ఎన్నడు ముట్టలే.
"మీ దేశపుదే ఇది" అన్నడు తాత,
ఇనుము మీది ముద్ర చూపిచ్చుకుంట:
ఇషాపూర్, 1918.
నవ్వొచ్చింది.
నాకన్న ఎంత ముందొచ్చింది,
వీసా లేకుంట, బతాకా లేకుంట,
ఒక్కపారి గూడ ఇంటికి పోకుంట.

సేఫ్టీ నిలుస్తలేదట.
పోయిన పెండ్లిల మనుమడు కిందికి దించంగనే
దానంతట అదే పేలి
గుడారం కొప్పుకు చిల్లి పడ్డదట.
అండ్లకెల్లి ఎండ దిగింది, రూపాయి బిళ్లంత,
సరిగ్గ పెండ్లికొడుకు ఒళ్లె.
ఇది చెప్పేటప్పుడు తాత నవ్వలే.

లైసెన్సు కాయితం చూసిన.
గుండ్లు లేవని మూడుపార్లు చూసిన.
విప్పి పాత బనీను మీద పరిచిన.
నూరేండ్ల నూనె, నూరేండ్ల ఇసుక
కలిసి తారు అయినయి.
సేఫ్టీ మీట పండ్లరిగి ముసలోని దవడ లెక్క.
దాని స్ప్రింగు చచ్చి ఎన్నేండ్లాయెనో.

ట్రిగ్గరే నన్ను సతాయించింది.
గుంజితే మొదలు అల్కగ రావాలె,
ఒక జాగల ఆగాలె,
ఆడికెల్లి ఇంకింత గట్టిగ గుంజితేనే పేలాలె.
ఆ నడుమ జాగ కోసం ఎవడో
ఎన్ని దినాలు ఇనుము చెక్కిండో.
ఆడ నిలబడి మనిషి
"వద్దు తియ్" అనుకోవచ్చు.
దీంట్ల అదే అరిగింది.
ముట్టుకుంటె చాలు, సీదా ఆఖరికే.

మూడు రాత్రులు ఆకురాయి పట్టిన.
రాపిడి చప్పుడుల ఊకె యాదికొచ్చింది
తమ్ముడు రాజలింగును ఫోన్ల నేనన్న మాట.
బోరు స్టార్టరు కాడ మొదలైన లొల్లి.
అల్కగ గుంజుడు లేదు, ఆగుడు లేదు.
నాలుగేండ్లాయె.

ఖల్ఫాన్ తాత ఖాళీ తుపాకి
గోడ దిక్కు పెట్టి గుంజిండు.
ఆగింది.
కండ్లు మూసుకొని అట్లనే పట్టుకున్నడు,
బల్ల మీద చాయ్ మీగడ కట్టేదాక.
తర్వాత మెల్లగ వేలు తీసిండు.
ఏం చప్పుడు కాలే.
రెండు రియాలంటె మూడిచ్చిండు,
సంచెడు నిమ్మకాయలు గూడ.

రాత్రి రూముల, పై మంచం మీద,
రాజలింగు నంబరు తీసి
బొటనవేలు ఆనిచ్చిన.
అల్కగనే పోయింది కొంత దూరం.
కింద బర్కత్ గురక.
వేలికి నిమ్మకాయ వాసన,
దానడుగున సబ్బుకు పోని ఇనుము వాసన.
ఇంకా ఆ జాగలనే ఉన్న.