మొదటి చావు నాదే

ప్రతి అక్టోబరు చివరి శనివారం
మా ఊరు నన్ను చంపుకుంటుంది.

ఫైర్ స్టేషన్ గోడకి
మూడు తెల్ల దుప్పట్లు కలిపి కుట్టి కడతారు.
మడత కుర్చీలు, కంబళ్లు, ఫ్లాస్కుల్లో కాఫీ.
నెబ్రాస్కా గాలికి తెర ఉబ్బినప్పుడల్లా
మొహాలు లావెక్కుతాయి, సన్నబడతాయి.
పద్నాలుగో నిమిషంలో
మొక్కజొన్న చేలోంచి ఎర్రముక్కు ఒకటి బయటికొస్తుంది.
పదిహేడేళ్ల నేను వెనక్కి తిరుగుతాను.
పిల్లలు ముందే లెక్కపెడుతుంటారు
మూడు, రెండు, ఒకటి...
చప్పట్లు.

వెనక కుర్చీలోంచి ఎవరో భుజం తడతారు,
"బాగా చచ్చావు, లియోనా."
ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే మెచ్చుకోలు.
మందుల షాపులో బీపీ మాత్రలు లెక్కపెట్టి ఇస్తుంటే
"ఆ మొదటి పిల్లవి నువ్వేగా" అంటారు
దారినపోయే ట్రక్కు డ్రైవర్లు,
చిల్లర తీసుకోవడం మర్చిపోయి.

నెత్తురంటారా,
మొక్కజొన్న పాకం, ఎర్ర రంగు,
చిక్కదనానికి ఓ చెంచా డికాషన్.
మా అమ్మ పొయ్యి మీదే కాచి నాలుగు గిన్నెలు మాడ్చారు.
శవం కదలకూడదన్నాడు డైరెక్టరు.
చీమలకెవరు చెప్పాలి ఆ మాట?
మోచేతి దగ్గర ఎక్కి మెడ దాకా వచ్చాయి.
మూడో టేకులో కొలార్ వాళ్ల కుక్క పరుగున వచ్చి
నా గొంతు తెగిన చోటంతా
శ్రద్ధగా నాకింది.
చచ్చినదాన్ని పకపకా నవ్వాను.

జోకరు మా ఆర్విల్ వోపాట్.
ధాన్యం గోదాములో కాటా వేసే మనిషి.
ఊళ్లో అందరికంటే పొడుగని తీసుకున్నారు, అంతే.
కత్తి రబ్బరుదని తనకీ తెలుసు, నాకూ తెలుసు.
అయినా ప్రతి టేకు తర్వాతా వంగి
"తగిలిందా అమ్మాయ్?" అనేవాడు,
చెమటకి ఆ ఎర్రటి నవ్వు
గడ్డం దాకా కారిపోతుంటే.

అరుపు మాత్రం నాది కాదు.
నేనూ అరిచాను. మైకు మనిషి పెదవి విరిచాడు,
కోడిపిల్లని తొక్కినట్టుందన్నాడు.
ఎక్కడో కాలిఫోర్నియా స్టూడియోలో ఎవరో ఆవిడ,
గంటకింతని తీసుకుని,
నా నోట్లోంచి అరిచింది.
ఏటా నా నోరు తెరుచుకుంటుంది,
ఆవిడ గొంతు ఊరి మీద పడుతుంది.
కుర్చీలో నేను వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ ఉంటాను.

సినిమా వచ్చిన రెండేళ్లకి, మార్చిలో,
మా తమ్ముడు ఎమిల్ గోదాము గాదెలోకి దిగాడు,
గడ్డకట్టిన గింజల్ని కర్రతో పొడవడానికి.
గింజలు జారాయి.
నడుం. ఛాతీ. గడ్డం.
సైరను మోగేలోపే తాడు కట్టుకుని దూకింది ఆర్విల్.
పారతో తోడాడు, పార విసిరేసి చేతులతో తోడాడు,
తోడినకొద్దీ పూడిపోయే చోట.
గాదె రేకు కోసి గింజలన్నీ బయటికి వదిలేదాకా
ఆపమని ఎంతమంది చెప్పినా ఆపలేదు.
రెండు గోళ్లు ఊడొచ్చాయి.
ఎమిల్ జేబుల నిండా జొన్నలే,
బూట్లలో, చెవుల్లో.

ఆ రోజు అరిచాను నేను.
మూడు వారాలు మాట రాలేదు.
అక్కడ మైకులేం లేవు.

ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా
ఆర్విల్ ఆ ముక్కు పెట్టుకోలేదు.
గోదాము మూసేశారు. బడిని పక్క ఊళ్లో కలిపేశారు.
సినిమాలో పదకొండు మందే పోయారు,
మిగిలిన ఊరంతా తనంతట తనే.

ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉన్నాడు.
సోమవారాలు మందులు తీసుకెళ్తాను.
భార్య పేరు పోయింది, ఊరి పేరు పోయింది,
చెంచా ఎలా పట్టుకోవాలో కూడా ఒక్కోరోజు పోతుంది.
నన్ను చూస్తే మాత్రం
ముందు మెడకేసి చూస్తాడు.
వంకరగా మొలిచిన గోళ్ల చెయ్యి చాచి
"తగిలిందా అమ్మాయ్?"

"లేదు ఆర్విల్, రబ్బరుదేగా" అంటాను.
సరేనన్నట్టు తలూపుతాడు.
వేళ్లు మాత్రం దుప్పటిని
తోడుతూనే ఉంటాయి.