పొడి చీపురు

ఆ గదిలో నాకు పొడి చీపురే అనుమతి.
తడిగుడ్డ పెట్టానో, ఫాబియోలా కళ్ళెర్రజేస్తుంది.
ఏడువేల ఏళ్ళు ఎడారి ఎండబెట్టిన చర్మం
ఇప్పుడు సముద్రపు తేమకే చెమర్చి నల్లబడుతోందట.
చావుని గెలిచినవాళ్ళకి కూడా
పడిశం భయం తప్పలేదు.

పక్క గదిలో మాత్రం శనివారాలు నీళ్ళే నీళ్ళు.
"మరణమూ, ఆ తర్వాతా" అని గోడమీద అట్టముక్క.
బల్లలమీద పాత పేపర్లు, బకెట్ నిండా బంకమట్టి.
అరీకా రేవు వీధుల పిల్లలు వస్తారు,
అసాపా లోయ ఆలివ్ తోటల కూలీలు
బస్సు దిగి, చెప్పులు దులుపుకుని వస్తారు.
"మీరు మరిచిపోకూడదనుకునే ఒక ముఖం చెయ్యండి"
అంటుంది ఫాబియోలా, స్పానిష్‌లో ఒకసారి,
తనకొచ్చిన కాస్త ఐమారాలో ఒకసారి.

ఒకడు గోల్‌కీపర్‌ని చేస్తాడు.
ఒకామె అత్తగారిని మొదలెట్టి
ముక్కు దగ్గర నవ్వాగక వదిలేస్తుంది.
యారిత్సా అనే పిల్ల అడిగింది:
"అద్దాలపెట్టెలో పాపకి మట్టిముఖం పెట్టింది వాళ్ళమ్మేనా?"
ఫాబియోలాకి చాలా తెలుసు. ఏటినీళ్ళలో విషం సంగతి,
పుట్టీపుట్టగానే పోయిన పిల్లల సంగతి,
లోపల పుల్లలూ రెల్లూ కట్టిన తీరు.
ఇది తెలియదు. తెలియదనే చెప్పింది.
ఆ రోజు నుంచి నాకు ఆమె అంటే గౌరవం.

చివరి కుర్చీ నెమేసియోది.
రేవులో ముప్పయ్యేళ్ళు మూటలు మోసిన చేతులు.
నిమ్మకాయంత ముఖం చేస్తాడు, ప్రతి వారం అదే.
కళ్ళు చెయ్యడు.
"తెరవలేదు కదా," అన్నాడు ఒకసారి, నేనడగకుండానే,
"ఏ రంగో నాకేం తెలుసు."

వెళ్ళేముందు అందరూ ఒక కాగితం నింపాలి:
ఈరోజు ఏం నేర్చుకున్నారు?
అతను రాసేది ఒకటే. మట్టి బావుంది.

అందరి ముఖాలూ కిటికీలో ఎండుతుంటే
అతను దోసిట్లో నీళ్ళు పోసుకుని
తనదాన్ని మళ్ళీ ముద్ద చేసి
బకెట్‌లోకి జారవిడుస్తాడు,
చప్పుడు కాకుండా.

పోయిన శనివారం అదే బకెట్‌లోంచి
యారిత్సా తన కుక్కని తీసింది.
చెవులు మరీ పెద్దవి, తోక అతుక్కోదు.
నెమేసియో కాసేపు చూసి
వేలికొసతో ఒక చుక్క తడి అందించాడు.

"ఎండితే పగులుతుందా?" అంది పిల్ల నాతో,
చీపురు పట్టుకున్నవాడికి అన్నీ తెలుసనుకుని.

పగిలితే తీసుకురా, అన్నాను.
నానబెడదాం.