పోయిన స్టేజీలు

బటన్ నొక్కితే
ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది,
తర్వాత నల్లటి తెర మీద
ఒక తెల్ల గీత, ఉంటూ పోతూ.
అంతే.
పొద్దుటి నుంచి పదిహేడు సార్లు నొక్కాను.
చెవి ఆనించి వింటే లోపల
టిక్... టిక్...
ఎవరో ఖాళీ బస్సులో
టికెట్లు కొడుతున్నట్టు.

నారాయణగూడలో, మెట్ల కింద నా డీటీపీ సెంటరు.
పెళ్ళికార్డులు పోతే పోనీ.
లెటర్‌హెడ్లు, ‘టూలెట్’ బోర్డులు,
ఎవరిదో ఎన్నడూ పూర్తికాని పీహెచ్‌డీ,
అన్నీ మళ్ళీ కొట్టుకోవచ్చు.
ఎల్లేశం గారి మాటల పుస్తకం ఎట్లా?
ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో నిలబడి
జనం నోళ్ళలోంచి రాలిన మాటల్ని
వేబిల్లుల వెనక ఏరుకున్న కండక్టరు.
“టైపు అయిపాయె గద మేడం” అని
నోటుబుక్కులన్నీ కిలో పన్నెండు రూపాయలకి
పాత పేపర్లవాడికి తూచి ఇచ్చేశాడు.
ఇంకో కాపీ రేపు తీస్తా, ఎల్లుండి తీస్తా అని
నెల గడిపినదాన్ని నేను.

ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు జిరాక్సు కుర్రాడు.
ఫార్మాట్ కొట్టమన్నాడు ఇంకో పెద్దమనిషి.
సీపీయూని చున్నీలో చుట్టి
ఆటోలో ఒళ్ళో పెట్టుకుని
ప్రతి గుంత దగ్గరా నేనే గతుక్కుమంటూ
సికింద్రాబాద్ పార్క్‌లేన్, రెండో అంతస్తు,
వసీ భాయ్ దుకాణం.

“చచ్చినదాన్ని మళ్ళీ మళ్ళీ లేపొద్దు మేడం.
ఎన్నిసార్లు ఆన్ చేసిన్రు?”
“రెండు,” అన్నాను.
ఆయన నా మొహం చూశాడు, డిస్కు చప్పుడు విన్నాడు,
ఏమీ అనలేదు.
“తాళం పడ్డది. కిటికీల నుంచి పోయి చూద్దాం.”
పెన్‌డ్రైవ్ ఒకటి గుచ్చాడు.
వస్తే మూడు వేలు, రాకుంటే చాయ్ పైసలు.

వచ్చింది ఫోల్డరు.
అ వచ్చింది. ఆ వచ్చింది.
క ఒక్కటే నలభై నిమిషాలు.
కింద బిర్యానీ గిన్నె మూత తీసిన వాసన,
పక్కన ఎవరో పాత కీబోర్డు తిరగేసి దులుపుతుంటే
రాలిన బిస్కెట్టు పొడి.
‘చ’ తెరిచి వసీ భాయ్ తల పట్టుకున్నాడు.
తెరనిండా డాలర్లు, కొమ్ములు మొలిచిన ఇంగ్లీషక్షరాలు.
“ఖరాబైంది మేడం, మొత్తం.”
ఆ రోజుకి మొదటిసారి నవ్వాను.
అది పోవడం కాదు భాయ్,
అది మా పాత ఫాంటు.
బ్యాగులోంచి సీడీ తీసి ఎక్కిస్తే
చిత్తడిలోంచి లేచొచ్చినట్టు
చట్నీ, చడావు, చబుత్రా
తలకట్లు సర్దుకుని నిలబడ్డాయి.

ట మాత్రం రాలేదు.
ప సగమే వచ్చింది.
రాత్రి తొమ్మిదింటికి డిస్కు
టిక్కనడం కూడా మానేసింది.

మర్నాడు చెప్పాను.
చెప్పేదాకా చేతులు కడుక్కుంటూనే ఉన్నాను.
ఎల్లేశం గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి,
మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.
“ట పాయెనా?
కండక్టరు బుక్కుల టికెట్టే లేదంటే
చెకింగోడు నన్నే దింపుతడు గదమ్మా.”
కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
“రాయుండ్రి. టప్ప. ఉత్తరాలొచ్చే జాగ.
టికాణ. నిలకడ.
‘వాని మాటకు టికాణ లేదు’
అఫ్జల్‌గంజ్‌ల ఎక్కిన ముసలామె
అల్లుణ్ణి అన్నది.”
నలభై మూడు మాటలు కొట్టాను.
నలభై నాలుగోది
మిరపకాయల మూటకి లగేజీ టికెట్టు ఇస్తే
ఒకామె తిట్టిన తిట్టట.
మూట రంగు గుర్తుంది, ఆమె దిగిన స్టేజీ గుర్తుంది,
ఇచ్చిన చిరిగిన రెండు రూపాయల నోటు కూడా.
మాటే లేదు.
“నాల్కె మీదనే ఉన్నది, ఆగుండ్రి.”

ఆగాను.
ట పక్కన తెల్ల గీత
ఉంటూ, పోతూ.
చాయ్ చల్లారింది.
ఊరికే సేవ్ నొక్కాను,
మళ్ళీ నొక్కాను.