వేలు పట్టే గాడి

వాల్దివియాలో వాన
వచ్చిపోయే చుట్టం కాదు, ఇంట్లో మనిషి.
ఏప్రిల్లో విప్పిన గొడుగు
సెప్టెంబరు దాకా ముడుచుకోదు.

నది ఒడ్డున చేపల బజారు వాళ్ళు,
ముప్పై ఆరు కుటుంబాలు,
సంఘం పెట్టుకుని, జాగా కొనుక్కుని
మా ఇంజనీరు ఎదువీహిస్ దగ్గరికొచ్చారు
నాలుగంతస్తుల ఇల్లు గీసిమ్మని.
"ఎన్నేళ్ళుండాలి?" అని అడిగింది మొదట.
ఎవరూ పలకలేదు.
ఎన్ని గదులో చెప్పగలరు, ఏ రంగో చెప్పగలరు.
ఏళ్ళ సంగతి వాళ్ళనెవరూ అడిగి ఎరగరు.

నేనప్పుడు ఆమె దగ్గర గీతలు గీసే కుర్రాణ్ణి.
నా పెన్సిల్ ఎప్పుడూ గోడ బయటే తిరిగేది.
ఆమెది గోడ లోపల.

నీరు పల్లమెరుగు అంటారు.
ఆమె లెక్కలో నీరు సందెరుగు,
మేకు మెడ ఎరుగు,
మనం రేపు చూద్దాంలే అన్న చోటెరుగు.
ప్రతి కిటికీ గట్టు అడుగునా
వేలు పట్టేంత గాడి గీయమంది.
అంచు వెంట లోపలికి పాకే చుక్క
అక్కడికొచ్చి, పట్టు తప్పి, రాలిపోవాలి.
"ఎవరికి కనిపిస్తుందిది?" అన్నాను.
"చుక్కకి" అంది.

అరవైలో ఊరు ఊరంతా కదిలినప్పుడు
ఆమె తల్లి కడుపులో ఉందట.
అందుకేనేమో, పైగోడ కిందిగోడ మీదే దిగాలంటుంది.
కింద దుకాణాలకని గోడలు తీసేసి
ఇంటిని సన్నకాళ్ళ మీద నిలబెట్టనివ్వదు.

ఇనుము మీద కాంక్రీటు నాలుగు సెంటీమీటర్లు.
మేస్త్రీ ఓస్వాల్దో రెండు చాలన్నాడు.
అతని కోటు విప్పించి
ఒక సిగరెట్టు కాలేంతసేపు వానలో నిలబెట్టింది.
సిగరెట్టు మధ్యలోనే ఆరిపోయింది.
"సరే, నాలుగు."

డబ్బు చాలని రోజు రానే వచ్చింది.
వీధివైపు నీలిపలకలు అతికించడమా,
పైపుల కోసం నిలువునా, మనిషి దూరేంత సందు వదలడమా?
పలకలే కావాలన్నాడు కోశాధికారి. నేనూ లోలోపల అదే అనుకున్నా.
అప్పుడు లేచింది ఓంబెలీనా,
పొగబెట్టిన ఆల్చిప్పలమ్మే ముసలమ్మ:
"మా పాతింట్లో పైపు పగిలితే గోడ పగలగొట్టారు.
గోడ ఆరేలోగా పక్కది పగిలింది.
పదకొండేళ్ళు అతుకుల్లో కాపురం చేశాను.
బాగుచేయడానికొచ్చేవాడు ఇంకా పుట్టి ఉండడు,
వాడికో చోటివ్వండి."

చేతులెత్తారు. పంతొమ్మిది, పదిహేడు.

నిజం చెప్పాలంటే ఇల్లు ఏమంత అందంగా రాలేదు.
ఆ పలకల మీద నాకిప్పటికీ మనసుంది.

ఇరవై రెండేళ్ళ తర్వాత, మొన్న జూన్‌లో,
కుళాయి పనివాడు, పందొమ్మిదేళ్ళవాడు,
ఆ సందులోంచి నన్ను కేకేశాడు.
టార్చి వెలుగులో, కాంక్రీటు మీద,
పెన్సిల్‌తో ఆమె గుండ్రటి అక్షరాలు:
"ఈ వాల్వు ఎడమకి తిరుగుతుంది.
మొరాయిస్తే తిట్టకు, కాస్త నూనె చూపించు.
రెండో అంతస్తులో టీ అడుగు, ఇస్తారు."

ఇచ్చారు.

కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను.
బయట వాన, తన పనిలో తాను.
చెయ్యి చాచి గట్టు అడుగున తడిమితే
గాడిలో నాచు.
చూపుడువేలు పెట్టి గీకాను, ఈ చివర నుంచి ఆ చివరికి.
సరిగ్గా పట్టింది.