చిల్లర బిస్కట్లు

కాశీనగరంలో సాహు కొట్టుకి
సబ్బుకెళ్ళినా ఉప్పుకెళ్ళినా ఒకటే మాట:
"ఖుచురా నాయ్."
సీసాలో చెయ్యిపెట్టి
రూపాయికో బిళ్ళ అరచేతిలో పెడతాడు.
నారింజ తొన, పచ్చి మామిడి,
పేరులేని ఎర్రదొకటి.
దొంగ, అనుకుంటూ ఇంటికొస్తాను.

తినేవాళ్ళం కాదు.
పారేస్తే డబ్బు పారేసినట్టు.
ఏడాది చిల్లరంతా
హార్లిక్సు సీసాలో గొంతుదాకా వచ్చింది.

ఇవాళ ఫ్యాక్టరీకి సెలవు.
గుండు పప్పు డబ్బాల్లో పడి ఓడెక్కుతుంది,
బద్ద పలాస బజారుకి పోతుంది.
నూక మాకే, జీతంలో కోసుకుని.
ఆ నూక దోరగా వేయించాను
జీడి కాల్చిన వేళ్ళతోనే.
(నా బొటనవేలికి గీతల్లేవు.
రేషన్ మిషను నన్ను ఆనవాలు పట్టదు.)

బిళ్ళలు గుడ్డలో మూటగట్టి
పొత్రంతో కొడితే
ఒక్కోటీ రూపాయంత చప్పుడు.

మైదా, డాల్డా, పంచదార, ఒక గుడ్డు.
పొయ్యి మీద సొట్ట డేక్సా,
దాని అడుగున వంశధార ఇసుక.
"దీన్నేటంటారు వదినా?" అంది సుమంతి సబర,
నా పక్క పీట మీద పప్పు వలిచే పిల్ల.
ఏమో. మేనేజరు కూతురి పుట్టినరోజుకి
మనిషికొకటి పంచారు.
నాలుక ఇంకా మరిచిపోలేదు, అంతే.

పిండి జారాలి, కారకూడదు.
చెంచా వంచి వేలితో తోస్తే
ముద్ద కాసేపు బెట్టుచేసి
టప్పున పడాలి.
గుండ్రంగా చెయ్యకే,
రోజూ గుండ్రనివే కదా ఏరుతున్నాం.

మొదటి పళ్ళెం మాడింది.
కరిగిన బిళ్ళ పళ్ళేన్ని కరిచిపట్టుకుని
వదలనంటే వదలనంది.
అట్లకాడతో గీకి ఆ మాడే తిన్నాం.
నిజం చెప్పొద్దూ, అదే బాగుంది.

రెండో పళ్ళెంలో
బిళ్ళ పడ్డచోటల్లా అద్దం.
సుమంతి ఒకటి కంటికి ఆన్చుకుని
గుమ్మంలో నిలబడింది.
పచ్చగా గేదె. పచ్చగా కొండ.
పచ్చగా గుణుపురం బస్సు, దాని నుదుట ఊరి పేరు.
ఇలా చూసినా చదవడం రాలేదని
పడీ పడీ నవ్వింది.
నాకు ఆ లిపి రాదు. దానికి ఏ లిపీ రాదు.

సాయంత్రం సాహు దగ్గర
పదిహేడు రూపాయల టీపొడి కొన్నాను.
పదిహేను చేతిలో పెట్టి
కాగితం విప్పి రెండు బిస్కట్లు గల్లా మీద ఉంచాను.
"ఖుచురా నాయ్," అన్నాను.

నా మొహం చూశాడు.
బిస్కట్టు తిరగేసి చూశాడు. కొరికాడు.
ఏదో అనబోయాడు గానీ
ఎర్రబిళ్ళ పై పన్నునీ కింది పన్నునీ కలిపేసింది.

రెండోది దాచడానికి
గల్లాపెట్టె లాగాడు.
మెడ సాచి చూశాను.
నాణేల అరలో
ఒక గుండుసూది తప్ప
నిజంగానే ఏమీ లేదు.