ఒక గంట

మిల్డ్యూరాలో జనవరి.
మందుల షాపు తలుపు తెరుచుకున్నప్పుడల్లా
బట్టీలోంచి తప్పించుకొచ్చినట్టు ఒక గాలి
మాయిశ్చరైజర్ల వరస ముందు నిలబడుతుంది,
తనకేది పడుతుందో తెలీక.

నన్నడిగితే చెప్తాను. ఆ పనికే జీతం.
జిడ్డు చర్మానికి జెల్, పొడి చర్మానికి గట్టి క్రీము,
చీటికీమాటికీ అలిగే చర్మానికి
వాసన లేనిది, రంగు లేనిది,
డబ్బా మీద పెద్ద పెద్ద మాటల్లేనిది.
ఏదైనా సరే, ముందు మోచేతి మడతలో కాస్త రాసి
ఒక రోజు ఆగమంటాను.
ఎవరూ ఆగరు.

నా మొహం సంగతా? దానిది రెండు ఊళ్ళ కాపురం.
నుదురూ ముక్కూ బందరు,
పొద్దున తొమ్మిదికే ఉక్కపోత.
బుగ్గలు అనంతపురం.
రెండింటికీ ఒకే సీసా అంటే
పులుసూ పాయసమూ ఒకే గిన్నెలో కాచడం.
అది తెలిసొచ్చేలోపు ఎంత జీతం
సింకులో నురగై పోయిందో.
ఇక్కడి సన్‌స్క్రీన్ మొదటిసారి రాసుకున్న రోజు
అద్దంలో విభూతి పూసుకున్న మనిషెవరో
నన్ను చూసి జడుసుకుంది.

నిన్న మధ్యాహ్నం క్లెమ్ వచ్చాడు.
ద్రాక్షతోటాయన. మెడ వెనక
నెర్రెలు విచ్చిన రేగడి.
టోపీ తీసి కౌంటరు మీద పెట్టి
"నోరీన్‌కి ఏదైనా ఇవ్వు. ఆ చికిత్స మొదలైనప్పట్నించీ
మొహం చురచురలాడుతోందట" అన్నాడు.

"ఆవిడది ఏ రకం చర్మం?"

రోజుకి నలభైసార్లు అడిగే ప్రశ్న.
ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని
బరువు చూస్తున్నట్టు నిలబడిపోయాడు.
నలభై నాలుగేళ్ళ కాపురం.
ఏ మట్టి ఎన్ని నీళ్ళు తాగుతుందో
బూటుకాలితో తొక్కి చెప్పగలడు.
ఏ గుత్తి ఎన్నాళ్ళకి ఎండుద్రాక్షవుతుందో
వేళ్ళతో నలిపి చెప్పగలడు.
"మంచి చర్మమే" అన్నాడు చివరికి.

డబ్బాల మీద ఆ రకం లేదు.

నాలుగు టిష్యూ కాగితాలిచ్చి చెప్పాను.
గోరువెచ్చటి నీళ్ళు. సబ్బొద్దు.
రుద్దకుండా, మెత్తటి తువ్వాలుతో అద్దాలి.
తర్వాత గంటసేపు మొహానికి ఏమీ రాయకూడదు.
అప్పుడు ఈ కాగితాలు ఒత్తి చూడండి.
"ఆ గంటా ఏం చెయ్యాలి?"
"ఏమీ చెయ్యకూడదు. ఊరికే కూర్చోవాలి."
పొలం మనిషికి అంత కష్టమైన పని
ఇదివరకెవరూ చెప్పి ఉండరు.

ఇవాళ షాపు తెరవకముందే గుమ్మంలో ఉన్నాడు.
చేతిలో విత్తనాల కవరు.
అందులో నాలుగు కాగితాలు, ఒక్కోదాని మీదా పెన్సిలుతో
నుదురు, ముక్కు, చెంప, గడ్డం.
లైటు కిందికెత్తి చూశాను.
నుదుట ఏమీ లేదు. ముక్కున ఏమీ లేదు.
చెంప కాగితానికి పొట్టు,
ఉల్లిపొర కన్నా పల్చన.
గడ్డం కాగితం అంచున మాత్రం
సన్నటి ఎర్రగీత.

"రక్తం కాదు" అన్నాడు గబగబా. "లిప్‌స్టిక్.
గంటసేపు ఎదురుగా కూర్చుంటానని చెప్తే
లోపలికెళ్ళి వేసుకొచ్చింది.
ఏమీ రాయకూడదని చెప్పినా వినలేదు."

పరీక్ష చెడిందా అని అడుగుతున్నాయి కళ్ళు.
చెడలేదన్నాను.

అడుగు అరలోంచి పెద్ద డబ్బా తీశాను.
గట్టి క్రీము, వాసన లేదు, చౌకదే.
ముందు అక్కడి నర్సుకి చూపించండి,
సరేనన్నాకే రాయండి.
తడి ఆరకముందే, మూడు వేళ్ళతో, మెల్లిగా.

ఆయన తన మూడు వేళ్ళూ చూసుకున్నాడు.
కత్తెర పట్టి కాయలు కాసినవి.
"ఇవి గీసుకుంటాయేమో. వీటికేం రాయాలి?"
"అదే. ముందు మీకు, తర్వాత ఆవిడకి."

చిల్లర లెక్కపెట్టుకుని, టోపీ పెట్టుకుని,
తలుపు దాకా వెళ్ళినవాడు
మళ్ళీ వెనక్కొచ్చాడు,
కౌంటరు మీద మర్చిపోయిన కవరు కోసం.