ఎనిమిదికి ముప్పయ్యేడు

మొగల్తూరు దాటాక, ఐసు పెట్టెలతో సహా
మా మేటడోరు వెనక ఇరుసు
నడిరోడ్డు మీద కూలబడింది.
విప్పి చూస్తే నల్లనూనె అడుగున
మూడు పళ్ళు,
నానబెట్టి మరిచిపోయిన శనగల్లా.

కొత్తవి రావట.
ఆ కంపెనీయే ఆ బండిని మరిచిపోయి చాలా ఏళ్ళయింది.
"పాలకొల్లు పాతినప్పొట్టులో ఒకటుండాలండి"
అన్నాడు నూరుద్దీను సాయిబు, పైకి చూడకుండా.

కొట్టు వెనక, కొబ్బరి డొక్కల పక్కన
తలుపుల్లేని వ్యాను.
సీట్ల మధ్య తోటకూర మొలిచింది.
దాని కిందికి పాకి సాయిబు అరగంట కనిపించలేదు,
కాళ్ళు మాత్రం నాతో మాట్లాడాయి.

మా పినియను బాగానే ఉందిగా,
క్రౌను ఒక్కటీ కొంటే చాలదా అన్నాను.
నవ్వలేదు.
"కలిసి అరిగినవండీ. విడదీస్తే రెండూ ఏడుస్తాయి."
నాచేతే లెక్కపెట్టించాడు, పన్ను పన్నుకీ వేలు ఆనించి.
చిన్నదానికి ఎనిమిది. పెద్దదానికి ముప్పయ్యేడు.
"దేంతోనూ తెగని లెక్క చూశారా,
అందుకే ఏ పన్నూ ఒకే పన్నుని పట్టుకు వేళ్ళాడదు.
అందర్నీ పలకరించొచ్చాకే మళ్ళీ మొదటిది."
తొమ్మిదో క్లాసులో నేను తప్పిన లెక్కలు
ముప్పయ్యేళ్ళకి, గ్రీజు వేళ్ళ మీద.

సింధూరం నూనెలో కలిపి పళ్ళకి రాసి
తిప్పి, మచ్చ ఎక్కడ పడిందో చూసి
సిగరెట్టు రేకంత రేకు ఒకటి తీసి
ఇంకొకటి పెట్టి, మళ్ళీ తీసి,
పొద్దు వాల్చేశాడు.
పదకొండు వేలన్నాడు. పదివేల ఆరొందలకి తెగింది.

బండి కదిలింది.
కానీ కాలు తీస్తే చాలు,
కిందనుంచి సన్నగా ఒక కూత.
తొక్కితే పోతుంది.
"అది దాని గొంతండి," డబ్బు లెక్కపెడుతూ అన్నాడు,
"నాది కాదు."

నర్సాపురం రేవులో పంటు ఎక్కడానికి
వాలులో దిగుతుంటే
సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒకాయన తల తిప్పాడు.
నంబరు చూడలేదు, రంగు చూడలేదు.
చక్రం దగ్గర వంగి,
"ఇది పేరుపాలెం స్కూలు వ్యానుదండి."

కొల్లాటి నాగేశు. పన్నెండేళ్ళు తోలాడట.
హారను కొట్టే పనే లేదట,
మలుపులో ఈ కూత విని పిల్లలు
పుస్తకాల సంచులు తగిలించుకునేవారట.
కిటికీ పక్క పిల్లోడొకడు అచ్చం ఇలాగే కూసి
ఉత్తుత్తినే అందర్నీ గుమ్మాల్లోకి లాగేవాడట.

వశిష్ఠ నడుమ ఆయన అడిగింది ఒకటే,
"నూనేం పోస్తున్నారు?"
చెప్పాను.
"పల్చన. నూట నలభై నంబరు పొయ్యండి.
ఊరుకుంటుందని కాదు,
కొంచెం మర్యాదగా కూస్తుంది."

సఖినేటిపల్లి గట్టెక్కాక
ఆయన సైకిలు కుడికి తిరిగింది.
అంతర్వేది చెరువుల దగ్గర
రొయ్య తూకానికి నాకప్పటికే ఆలస్యం.
అయినా ఒకసారి, అవసరం లేకుండానే,
కాలు తీశాను.

ఆయన వెనక్కి చూడలేదు.
ఐసు కారి
రోడ్డు మీద సన్నటి గీత పడుతోంది.